పడుకున్న కండరం ఏం చేస్తుంది?

పిల్లలూ,

ఈ పేజీకి ప్రశ్నలు మామూలుగా ఉత్తరాల్లో వస్తాయి. ఈ నెల ప్రశ్న మాత్రం మా అరుగు మీదికి నడిచి వచ్చింది.

మాది నెల్లిమర్ల. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వీధిగుమ్మంలో నిలబడితే చీకట్లో కాళ్ళ చప్పుడు వినిపిస్తుంది. సైన్యంలోకి, పోలీసు ఉద్యోగాల్లోకి పోదామనుకునే కుర్రవాళ్ళు విజయనగరం రోడ్డు వెంట పరుగులు తీస్తూ ఉంటారు. మా చిన్నతనంలో ఆ వేళకు జనపనార మిల్లు కూత ఊరిని లేపేది. ఇప్పుడు నన్ను ఈ పరుగులే లేపుతున్నాయి. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఏ ఊరి పొలిమేరకు పోయినా తెల్లవారేవేళ ఇటువంటి కుర్రవాళ్ళు కనిపిస్తారు. సైన్యం వారు 1600 మీటర్ల పరుగు పెడతారు. అది సకాలంలో ముగించని వాడు ఎంత చదివినా ఇంటిదారి పట్టవలసిందే.

మా పక్కింట్లో అటువంటి వాడొకడున్నాడు. పేరు చెప్పను, వాడికి సిగ్గు. నిరుడు ఆ పరుగులో కొద్ది సెకండ్ల తేడాలో పోయాడు. వయసు గడువు దగ్గర పడింది గనక ఇక వాడికి మిగిలింది ఒక్క అవకాశమే. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. ఇల్లు నడిపేది మామ్మ.

ఆ మామ్మ ఒకనాటి సాయంకాలం మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది.

"మేష్టరుబాబూ, మీరు సదువుకున్నోరు, మీరైనా సెప్పండి. ఈ గుంటడు పరుగులెట్టి పరుగులెట్టి గుండె అరగ్గొట్టేసుకున్నాడు. రేత్రి పడుకుంటే సెయ్యట్టుకుని సూసినాను. నాడి ఆగి ఆగి కొట్టుకుంటంది. పైగా ఒళ్ళు కదపకండా పడుకున్నా తిన్నది తిన్నట్టు అరిగిపోతంది. తెల్లారేసరికి కుండలో అంబలుండదు. మీరు వొద్దంటే రేపటికాణ్ణించి ఆణ్ణి పంపను," అన్నది.

ఏడో తరగతి చదివే మనవరాలు మామ్మ వెనక నుంచి తల బయటికి పెట్టింది. "మేష్టారూ, పరిగెత్తేటప్పుడు అన్నయ్య ఎక్కువ గాలి పీలుస్తాడు, అది నాకు తెలుసు. పడుకున్నప్పుడు కూడా వాడి కాళ్ళు నా కాళ్ళ కంటె ఎక్కువ గాలి వాడుకుంటాయా?" అని అడిగింది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ఇంత సూటిగా అడిగిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "రేపు చెబుతాను," అన్నాను. జవాబు తడుముకోవలసి వచ్చినప్పుడు రేపు చెబుతాననటం మేష్టర్లకు పాత అలవాటే. ఆ రాత్రి పుస్తకాలు తిరగేసి, మర్నాడు వాళ్ళ ముగ్గురినీ కూచోబెట్టి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

మనం పీల్చే గాలిలో నూటికి 21 వంతులు ప్రాణవాయువు. దీన్నే పాత పుస్తకాల్లో ఆమ్లజని అనేవారు. మనం వదిలే గాలిలో అది 16 వంతులకు దిగిపోతుంది. ఆ మధ్య పోయినదంతా ఒంట్లో ఖర్చయిందన్నమాట. దానికి బదులు బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. పెద్దవాడొకడు చాప మీద వెల్లకిలా పడుకుని ఏ పనీ చెయ్యకపోయినా నిమిషానికి సుమారు పావు లీటరు ప్రాణవాయువు వాడుకుంటాడు.

మరి అందులో కండరాల వాటా ఎంత? మన బరువులో దరిదాపు నూటికి 40 వంతులు కండరాలే. అయినా విశ్రాంతి సమయంలో అవి తీసుకునేది అయిదో వంతు మాత్రమే. ఒంటి బరువులో యాభయ్యో వంతు ఉండే మెదడు కూడా ఇంచుమించు అంతే తీసుకుంటుంది! అంటే పడుకున్న కండరం చాలా పొదుపరి. కాని అది బొత్తిగా ఊరుకోదు. బండి కట్టకపోయినా ఎద్దుకు గడ్డి వెయ్యక తప్పదు గదా! ప్రతి కండర కణమూ తన లోపలికి జొరబడే సోడియాన్ని బయటికి తోడిపోస్తూ, పొటాసియాన్ని లోపలికి తెచ్చుకుంటూ ఉంటుంది. చేలో ఏతాం వేసేవాడి పని వంటిదే ఇది. అయితే రైతు పొద్దుగూకితే ఏతాం దిగుతాడు, కణం దిగదు. పైగా పగలు చినిగిన పోగులను కట్టుకోవాలి. ఒంటికి వెచ్చదనం ఇవ్వాలి. వీటికంతటికీ ప్రాణవాయువు కావాలి.

అదే మనిషి లేచి ప్రాణం పెట్టి పరుగెత్తాడనుకోండి. పావు లీటరు కాస్తా నిమిషానికి మూడు లీటర్లు దాటవచ్చు. అప్పుడు గుండె తోసే రక్తంలో అయిదింట నాలుగు వంతులు కండరాలకే పోతుంది. కండరంలో వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు, అంటే కేశనాళికలు, లెక్కలేనన్ని ఉన్నాయి. పని లేనప్పుడు వాటి గుండా రక్తం కొద్దిగానే పారుతుంది. పని మొదలయితే దారులు తెరుచుకుంటాయి. ఈ ఏర్పాటును వివరించినందుకే డెన్మార్కు దేశపు ఆగస్ట్ క్రో అనే శాస్త్రజ్ఞుడికి 1920లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పుడు మన మండలంలోనే ఉన్న కొండవెలగాడ పోదాం రండి. ఆ ఊరు ఇనుప బరువులు ఎత్తేవాళ్ళకు పేరు పొందింది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో నగరంలో జరిగిన కామన్వెల్తు క్రీడల్లో 53 కిలోల తరగతిలో పతకం తెచ్చింది. మొదట కంచుపతకం ఇచ్చారు. మొదటి స్థానంలో వచ్చిన పిల్ల నిషిద్ధమైన మందు వాడినట్టు తేలటంచేత తరువాత అది వెండిపతకమయింది. బరువెత్తే వాళ్ళను మీరెప్పుడైనా గమనించారా? ఎత్తటం అంతా నాలుగయిదు సెకండ్లలో అయిపోతుంది. తరువాత రెండు మూడు నిమిషాలు కూచుంటారు. మళ్ళీ ఎత్తుతారు. ఆ కూచునే కాలంలోనే అసలు సంగతి ఉన్నది.

నాలుగు సెకండ్లలో ఊపిరితిత్తులనుంచి కొత్త ప్రాణవాయువు వచ్చి అందటం కుదిరే పని కాదు. మరి ఆ బలం ఎక్కడిది? ఈ చిక్కు విప్పిన వాళ్ళలో మన తెలుగువాడు ఉన్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్యులేషను మూడోసారి గాని గట్టెక్కలేదు. (ఈ మాట చెప్పగానే పక్కింటి కుర్రవాడు మొదటిసారి తలెత్తి నాకేసి చూశాడు.) 1923లో అమెరికాలోని బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకుంటూ చదువుకున్నాడు. హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి, రక్తంలోనూ కండల్లోనూ ఉండే భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు.

ఆ కొలతతో పిల్లి కండరాలను పరీక్షిస్తూ ఉంటే ఒక వింత కనిపించింది. రంగు రావలసినంత త్వరగా రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడసాగింది. మరొకరైతే ఏదో పొరపాటు జరిగిందని పారబోసి ఉందురు. వీళ్ళు పారబొయ్యలేదు. మెల్లిగా విడిపోతున్న భాస్వరం ఏదో కొత్త పదార్థంలో ఉండి ఉండాలని వెతికి, 1927లో దాన్ని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా అదే ఏడు దీని జాడ తీశారు. కండరం పని చేసినప్పుడు ఆ పదార్థం విరిగిపోతుంది. కండరం విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ కూడుతుంది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు దాని కంటె ముఖ్యమైన ఏ.టి.పి. అనే పదార్థాన్ని కూడా వేరు చేశారు. జర్మనీలో లోమన్ అనే ఆయన అదే సంవత్సరం అదే పని చేశాడు.

మామ్మకు ఏ.టి.పి. అని చెబితే ఏం లాభం? అందుచేత ఇలా చెప్పాను: "దాహం వేస్తే చేతిలో చెంబు ఉంటుంది. చెంబు ఒక్క గుక్కతో సరి. ఆ చెంబు నింపుకోవటానికి వసారాలో కుండ ఉంటుంది. కుండ నింపాలంటే నూతికి పోవాలి. చెంబు ఏ.టి.పి. కుండ ఫాస్ఫోక్రియాటిన్. నుయ్యేమో ప్రాణవాయువుతో తిండిని మండించటం." బరువెత్తేవాడు గబగబా కుండ ఖాళీ చేస్తాడు. తరువాత కూచున్నప్పుడు వాడి కండరాలు నూతినుంచి తోడి కుండ నింపుకుంటాయి. అర నిమిషంలో కుండ సగం నిండుతుంది. పూర్తిగా నిండటానికి మరి కొన్ని నిమిషాలు పడుతుంది. అంటే చూసేవాళ్ళకు వాడు ఊరికే కూచున్నట్టే ఉంటుంది గాని, వాడి కండరం ఆ నిమిషాల్లో ప్రాణవాయువును జోరుగా వాడుకుంటున్నది.

పరుగు కూడా అంతే. 1600 మీటర్లు పరుగెత్తి వచ్చినవాడు మోకాళ్ళ మీద చేతులు ఆన్చి ఎందుకు రొప్పుతాడు? పరుగు అయిపోయింది గదా! ఇంగ్లండుకు చెందిన ఏ. వి. హిల్ దీనికి 'ప్రాణవాయువు అప్పు' అని పేరు పెట్టాడు. కండరాలను గురించిన పరిశోధనలకు ఆయనకూ, మేయర్‌హాఫ్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడికీ 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చింది. అప్పు అన్న పేరు బాగానే ఉన్నది గాని, లెక్క అంత సులువు కాదని ఆ తరువాత తేలింది. కుండ నింపుకోవటమే కాక, వేడెక్కిన ఒళ్ళు చల్లారాలి, వేగం పుంజుకున్న గుండె నెమ్మదించాలి, సరుకులు సర్దుకోవాలి. అందుచేత పరుగు గట్టిదయితే మనిషి ఇంటికి వచ్చి కూచున్న తరువాత కూడా కొన్ని గంటలపాటు మామూలు కంటె కాస్త ఎక్కువ ప్రాణవాయువు వాడుతూనే ఉంటాడు. ఇలా వెనక ఖర్చయ్యేది పరుగులో ఖర్చయిన దానిలో పదో వంతు, అటూ ఇటూగా ఉంటుంది.

ఇంతవరకు ఒక్కరోజు పరుగు సంగతి. రోజూ పరుగెత్తేవాడి కాళ్ళలో మార్పు మరొక రకం. 1967లో అమెరికాలో హొలోజీ అనే వైద్యుడు ఎలుకలను కదిలే పట్టీ మీద వారాల తరబడి పరుగెత్తించి, వాటి కండరాలు పరీక్షించాడు. మన కణాల్లో ప్రాణవాయువుతో తిండిని మండించే చిన్న కుంపట్లున్నాయి. వాటినే మైటోకాండ్రియా అంటారు. పరుగెత్తిన ఎలుకల కండరాల్లో ఈ కుంపట్ల శక్తి పరుగెత్తని వాటికంటె దాదాపు రెట్టింపయింది. మనుషుల్లో కూడా పరుగు, ఈత, సైకిలు తొక్కటం వంటివి విడవకుండా చేస్తే కుంపట్లు పెరుగుతాయి, వాటి చుట్టూ కేశనాళికలు పెరుగుతాయి. అందువల్ల కుండ నింపే పని కూడా త్వరగా అవుతుంది. రోజూ పరుగెత్తేవాడు ఒక పరుగు ముగించి తొందరగా తేరుకోవటానికి కారణం ఇదే. 1600 మీటర్లకు అయిదారు నిమిషాలు పడుతుంది గనక కుండలో నీళ్ళతో ఆ దూరం సాగదు. నుయ్యి గట్టిదయి ఉండాలి.

మరి అసలు ప్రశ్న? ఈ కుంపట్లన్నీ వాడు పడుకున్నప్పుడు కూడా ఎక్కువ మండుతాయా?

"పని లేనప్పుడు కుంపటి ఎన్నుంటే ఏం, మంట తగ్గించుకుంటాయి గదా!" అని నేనూ అనుకున్నాను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో అచ్చువేసిన పరీక్ష ఒకటి వేరే సంగతి చెప్పింది. దూరపు పరుగులకు అలవాటు పడినవాళ్ళనూ, వ్యాయామం చెయ్యకుండా కూచునేవాళ్ళనూ పెద్ద అయస్కాంతపు యంత్రంలో పడుకోబెట్టి, పిక్క కండరంలో ఏం జరుగుతున్నదో బయటినుంచే కొలిచారు. కత్తి పెట్టలేదు, సూదితో కండ తియ్యలేదు. పరుగరుల పిక్కలు విశ్రాంతిలో కూడా రెండోవాళ్ళ పిక్కల కంటె 54 శాతం ఎక్కువగా తిండిని మండిస్తున్నాయి! విచిత్రమేమంటే ఏ.టి.పి. తయారీ మాత్రం ఇద్దరిలోనూ ఒక్కటే. అంటే ఎక్కువగా మండినది వేడిగా పోతున్నది. ఎక్కువ కుంపట్లున్న ఇంట్లో అన్నీ నివురు గప్పి ఉన్నా వంటగది కాస్త వెచ్చగా ఉంటుంది చూడండి, అలాంటిదే.

ఈ వెచ్చదనం దండగ అనుకోకండి. కండరంలో కొవ్వు పేరుకోకుండా, రక్తంలోని చక్కెర కండరంలోకి సాఫీగా పోయేలాగ ఇది తోడ్పడుతూ ఉండవచ్చునని ఆ శాస్త్రజ్ఞుల ఊహ. మధుమేహం ఉన్నవాళ్ళను డాక్టర్లు రోజూ నడవమని ఎందుకంటారో పెద్దలకు తెలుసు. ఆ నడక ప్రయోజనం నడిచినంతసేపటితో ఆగిపోదు.

అయితే ఇక్కడ లెక్కల మేష్టారు ఒకమాట చెప్పాలి. పిక్కలో కనిపించిన 54 శాతాన్ని ఒళ్ళంతటికీ పెట్టి గుణించగూడదు. విశ్రాంతిలో కండరాల వాటా మొత్తంలో అయిదో వంతేనని ఇందాక చెప్పుకున్నాం. ఒళ్ళు మొత్తాన్ని కలిపి కొలిస్తే పరుగరికీ, మామూలు మనిషికీ పడుకున్నప్పటి తేడా కొద్దిగానే ఉంటుంది. అందుచేత, మామ్మా, కుండలో అంబలి మాయం కావటానికి పడుకున్న కాళ్ళు అసలు దొంగలు కావు. 55 కిలోల కుర్రవాడు రోజుకు పది కిలోమీటర్లు పరుగెత్తితే ఆ పరుగుకే 550 కేలరీల దాకా ఖర్చవుతుంది. అంటే రెండు పళ్ళేల అన్నం పైమాట. వాడికి ఆ ఆకలి రాకపోతేనే మనం భయపడాలి. చోడి అంబలి మరి కాస్త ఎక్కువ కాచి, పప్పో, గుడ్డో, గుప్పెడు వేరుసెనగ గింజలో కలపమన్నాను.

ఇక నాడి. ఇదే మామ్మ అసలు భయం. కుర్రవాడి చెయ్యి పట్టుకుని నా గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 50. చెల్లెలికి 84. నాకు 70. మామ్మ చెంపలు వేసుకుంది. పలక తెమ్మని పిల్లచేత లెక్క చేయించాను. మామూలు మనిషి గుండె ఒక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం తోస్తుంది. నిమిషానికి 70 దెబ్బలయితే 4,900 మిల్లీలీటర్లు, అంటే ఇంచుమించు అయిదు లీటర్లు. పరుగులతో గుండె ఒక్కొక్క దెబ్బకు 98 మిల్లీలీటర్లు తోసేటంత గట్టిపడితే? 50 దెబ్బలకు అదే 4,900. "పెద్ద చేదతో తోడినవాడు తక్కువసార్లు తోడతాడు, మామ్మా. గుండె అరగలేదు, చేద పెద్దదయింది," అని పిల్లే చెప్పింది. నేను చెప్పాలనుకున్న మాట నా నోటినుంచి లాగేసుకుంది.

పెద్దలు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పరుగు అలవాటున్న కుర్రవాడికి, ఏ బాధా లేకుండా నాడి నెమ్మదిగా ఉంటే దిగులు లేదు. కళ్ళు తిరగటం, సొమ్మసిల్లటం, ఛాతీలో నొప్పి, నాడి గతి తప్పటం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మామ్మ "ఆగి ఆగి కొట్టుకుంటంది" అన్నది గనక నేను కూడా వాడిని డాక్టరుకు ఒకసారి చూపించి రమ్మన్నాను. చూపించుకున్నాడు. ఏమీ లేదన్నారట.

ఈ కుంపట్లకు ఒక దుర్గుణం ఉన్నది. పని మానేస్తే అవి కొన్ని వారాల్లోనే తగ్గిపోతాయి. రెండేళ్ళ కిందట నా చీలమండ విరిగితే ఆరు వారాలు కట్టు కట్టారు. కట్టు విప్పిన నాడు నా పిక్క చూసుకుంటే ఎవరిదో అనిపించింది. చంపావతి గట్టు దాకా నడవటానికి దారిలో రెండుసార్లు కూచున్నాను. రోజూ నడవగా నడవగా మళ్ళీ మామూలుకు వచ్చింది.

అప్పుడు కూచున్న చోటే ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో డిసెంబరు రాగానే పదో తరగతి వాళ్ళ ఆటల పీరియడు తీసేసి లెక్కలకు ఇచ్చేవాణ్ణి. ఫలితాలు బాగా వచ్చాయని నన్ను మెచ్చుకున్నారు కూడా. మార్చి దాకా నాలుగు నెలలు పిల్లలను బల్లలకు అతికించేశాను. ఏడాది పొడుగునా ఆటలాడి వాళ్ళు సంపాదించుకున్నది పరీక్షల నాటికి నేనే కరిగించేశాను. ఇప్పుడయితే ఆ పని చెయ్యను. ఇంట్లో పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ పేరా మరొకసారి చదవండి.

పిల్లలూ, మీరూ ఒక పరీక్ష చేసి చూడండి. పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. తరువాత ఒక గట్టి మెట్టు ఎక్కి దిగుతూ మూడు నిమిషాలు ఉండండి. ఆగగానే ఒకసారి, రెండు నిమిషాలయ్యాక ఒకసారి లెక్కపెట్టి మూడు అంకెలూ తేదీతో రాసుకోండి. ఆ తరువాత రోజూ అరగంట పరుగో, తొక్కుడుబిళ్ళో, కబడ్డీయో ఆడండి. ఎనిమిది వారాలయ్యాక మళ్ళీ ఇదే పరీక్ష చెయ్యండి. మూడో అంకెను జాగ్రత్తగా గమనించండి. కండరం తేరుకునే తీరును అది కొంతవరకు పట్టి ఇస్తుంది. ఒంట్లో బాగాలేని వాళ్ళు ఈ పరీక్ష చెయ్యవద్దు. మీ లెక్కలు నాకు రాసి పంపితే బాగున్నవాటిని ఈ పేజీలో వేస్తాను.

పక్కింటి అమ్మాయి అప్పుడే మొదలుపెట్టేసింది. మా అరుగు మెట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దాని అన్న పరుగు పరీక్ష వచ్చే నెలలో. నిన్న తెల్లవారుజామున నేను గుమ్మంలో నిలబడితే, మామ్మ వాడి చేతికి అంబలి చెంబు ఇచ్చి, రెండో చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని లెక్కపెడుతున్నది. ఇరవై తరువాత అంకెలు తనకు రావు గనక మనవరాలిని పక్కన నిలబెట్టుకున్నది.